విరగని కడ్డీ

శవం గొంతులోంచి తీసిన ముక్క పొడవు పదకొండు సెంటీమీటర్లు. నల్లగా, పలచగా, బద్దలా ఉంది. ఒక చివర సూదిలా మొనదేలింది. రెండో చివర చీలికలు చీలికలుగా ఊడిపోయింది. ప్లాస్టిక్ కవరులో ఉన్న ఆ ముక్కని ఇన్‌స్పెక్టరు నా ముందుకు విసిరాడు.

"చూశావుగా బావా! ఇక ఇంటికెళ్ళి భోంచెయ్యి. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

ఈ ఇన్‌స్పెక్టరు నా సొంత బావమరిది. స్టేషన్లో అందరూ వాణ్ణి చూసి వణుకుతారు. వాడు వాళ్ళక్కని చూసి వణుకుతాడు. ఆ అక్క నా భార్య కాబట్టి, పొద్దున్నే ఆమె చేత ఫోన్ చేయించాను కాబట్టి, ఈ గదిలో నాకు ఒక కుర్చీ దొరికింది.

"ఆమెని కోర్టుకి ఎన్నింటికి తీసుకెళ్తున్నావు?" అన్నాను.

"నాలుగింటికి. ఇప్పుడు పన్నెండున్నర. నిర్లక్ష్యంతో మనిషి ప్రాణం తీసింది. నేరం ఒప్పుకుంది, సంతకం కూడా పెట్టింది. నువ్వొచ్చి చేసేదేం లేదు."

జరిగింది వాడి లెక్క ప్రకారం ఇది. ఊరి చివర కార్బన్ ఫైబర్‌తో కృత్రిమ కాళ్ళు చేసే ఫ్యాక్టరీ ఉంది. నల్లటి దారాల గుడ్డని రెసిన్ అనే జిగురులో తడిపి, పొరల మీద పొరలు వేసి, పొయ్యిలో గట్టిపరిచి కాళ్ళు చేస్తారు. ప్రతి మిక్సులోంచీ ఒక చిన్న కడ్డీ కూడా చేసి, మిషన్లో పెట్టి వంచి విరుస్తారు. ఆ కడ్డీ ఎంత బరువుకి ఓర్చుకుందో చూసి కాళ్ళని బయటికి వదులుతారు. ఆ విరిచే ఉద్యోగం చేసే ముసలాయన్ని ఫ్యాక్టరీలో వంచుడు మాస్టారు అంటారు. నిన్న పదకొండూ ఇరవైకి ఊడ్చే ఆవిడ టెస్టింగ్ గది తలుపు తీస్తే మాస్టారు మిషను పక్కన నెత్తుటి మడుగులో పడి ఉన్నాడు. జిగురు కలిపే మనిషి అందులో కలపాల్సిన రబ్బరు కలపలేదనీ, అందుకే కడ్డీ గాజులా పేలి ముక్క ఎగిరి గొంతులో దిగిందనీ మేనేజరు చెప్పాడు. బావమరిది రాసుకున్నాడు.

జిగురు కలిపే ఆ మనిషిని అందరూ జిగురక్క అంటారు. నేను అక్కా అంటాను.

అయిదేళ్ళ కిందట నేనూ పోలీసునే. ఒక దొంగ లారీని ఆపబోతే అది నా ఎడమ మోకాలి కింద నించి కాలు పట్టుకుపోయింది. డిపార్టుమెంటు నాకొక పతకం ఇచ్చి ఇంటికి పంపింది. జిగురక్క నాకొక కాలు ఇచ్చి నడిపించింది. పాతది అరిగిపోతే రెండు నెలల కిందట కొత్తది కూడా ఆవిడే చేసి, నేల మీద కూర్చుని నా మోకాలికి తొడిగింది. అలాంటి మనిషి నాలుగింటికి జైలుకి పోతుంటే నేను ఇంట్లో భోంచేస్తూ కూర్చోలేను.

"అయిదు నిమిషాలు మాట్లాడతాను," అన్నాను.

"మూడు," అన్నాడు వాడు. అక్క భయం ఉన్నా వాడికి పట్టుదల ఎక్కువ.

జిగురక్క లాకప్‌లో గోడకి ఆనుకుని కూర్చుంది. యాభై దాటిన మనిషి. ఒక్క పూటలో పదేళ్ళు మీదపడ్డట్టుంది. నన్ను చూడగానే ఆమె చూపు మొహం మీదికి రాలేదు, సరాసరి కాలి మీదికి వెళ్ళింది.

"బిగుతుగా ఉందా తమ్ముడూ? ఒరుసుకోవట్లేదుగా?"

"నా కాలి సంగతి తర్వాత. నిన్న ఏం జరిగిందో చెప్పు."

"చెప్పేదేముంది? కడ్డీ నేనే చేశా. రబ్బరు కలపలేదు. పగిలి ఆయన ప్రాణం తీసింది. నా చేతులే చంపాయి."

"రబ్బరు లేకపోతే అంత ప్రమాదమా?"

"రబ్బరు దెబ్బని మింగుతుంది తమ్ముడూ. పగులు మొదలైనా మధ్యలో ఆపేస్తుంది. కడ్డీ కాస్త మెత్తబడ్డా మనిషిని మోసం చెయ్యదు. అది లేకపోతే గట్టిగానే ఉంటుంది, బరువూ మోస్తుంది. ఒక్క దెబ్బ తగిలిందా, గాజే."

"ఎన్నాళ్ళ నించి కలపట్లేదు?"

"నిన్నొక్క రోజే. మర్చిపోయా." మళ్ళీ నా కాలి వంక చూసింది. ఇరవై రెండేళ్ళుగా జిగురు కలిపే మనిషి అన్నంలో ఉప్పు మర్చిపోతే నమ్ముతాను గానీ, ఇది నమ్మలేదు.

"మాస్టారితో గొడవెందుకు పడ్డావు? పది నలభైకి అరుపులు వినిపించాయట."

"అరిచింది ఆయన. నేను విన్నా. పది యాభైకి బయటికొచ్చా."

"చేతులు చూపించు."

అరచేతులు చాపింది. జిగురు ఎండి మొద్దుబారిన చర్మం, పాత కాలిన మచ్చలు. కొత్త గీత ఒక్కటి లేదు. అది గుర్తుపెట్టుకుని లేచాను.

ఒంటిగంటా పావుకి టెస్టింగ్ గది ముందు ఉన్నాం. బావమరిది జీపు దిగినప్పటినించీ సణుగుతూనే ఉన్నాడు. మేనేజరు ఎదురొచ్చాడు. నలభై అయిదేళ్ళుంటాయి. ఇస్త్రీ చొక్కా, మెరిసే బూట్లు, కుడిచెయ్యి పాంటు జేబులో. ఎడమ చేత్తో తాళం తీశాడు.

"నిన్న పది నలభై అయిదు నించి పదకొండుంబావు దాకా నా గదిలో ఫోన్లో ఉన్నాను. మాస్టారి సంగతి తెలిసినప్పట్నించీ ముద్ద దిగట్లేదు," అన్నాడు నేను అడక్కుండానే.

గదిలో నెత్తురు ఎండి నల్లబడింది. మిషను మనిషంత ఎత్తుంది. రెండు ఇనప కాళ్ళ మీద కడ్డీని అడ్డంగా పెడితే, పై నించి ఒక ఇనప ముక్కు దిగి మధ్యలో నొక్కుతుంది. ముందు అద్దంలాంటి మందపాటి తలుపు. కింద నేల మీద నల్లటి ముక్కలు, సున్నంతో గీసిన శవం ఆకారం. నెత్తురు మెడ నించి ఎంత బలంగా చిమ్మిందంటే గోడ మీద కాలెండరు కూడా తడిసింది.

నేను ముందు కడ్డీని చూశాను. పోలీసులు దాన్ని మిషన్లోనే వదిలేశారు. విల్లులా వంగి ఉంది. కింది వైపు పొరలు కాస్త విచ్చుకున్నాయి, మధ్యలో తెల్లటి మడత పడింది. అయినా రెండు ముక్కలు కాలేదు.

"ఇది విరిగిందంటావా?" అన్నాను.

"పగిలింది కదా. అందులోంచి ఒక బద్ద ఊడి ఎగిరింది," అన్నాడు బావమరిది.

కడ్డీ చివర జిగురక్క తెల్ల పెన్నుతో బరువు రాస్తుంది. ఆవిడ అలవాటది. 118 అని ఉంది. పక్క బల్ల మీది చిన్న కాటా మీద పెట్టాను. 118 చూపించింది. కవరులోని గొంతు ముక్కని తూచాను. పందొమ్మిది గ్రాములు.

"ఒరేయ్, పందొమ్మిది గ్రాముల ముక్క ఊడిపోయాక కూడా కడ్డీ బరువు తగ్గలేదంటే, అది ఊడింది దీంట్లోంచి కాదు."

నేల మీది ముక్కలన్నీ ఏరి, గొంతు ముక్కతో కలిపి కాటా మీద పోశాను. నూట పదహారు. నిన్న ఇక్కడ ఒక కడ్డీ కాదు, రెండు కడ్డీలున్నాయి. ఒకటి గాజులా పేలింది. ఒకటి వంగి ఊరుకుంది.

"అయితే ఏంటి?" బావమరిది గొంతు పెంచాడు. "మొదటిది పేలినప్పుడు ముక్క తగిలింది. రెండోది..."

"గొంతులో ముక్క దిగినవాడు లేచి రెండో కడ్డీ పెట్టాడా?"

"బావా, నీకు ఉద్యోగం పోయిన అక్కసు నా మీద తీర్చుకోకు!"

"నాకు కాలు పోయింది, నీకు మెదడే పోయింది. ఆవిడ చేత సంతకం పెట్టించేటప్పుడు ఒక్క కడ్డీ తూచలేదు నువ్వు!"

వాడు నా కాలరు పట్టుకుని గోడకేసి కొట్టాడు. నేను వాడి చెయ్యి విరిచి తోశాను. వాడి పిడికిలి నా నోటి మీద దిగింది. పై పెదవి చీలి నెత్తురు నాలిక మీదికొచ్చింది. నేను తలతో వాడి ముక్కుని గుద్దాను. ఇద్దరం ఆయాసపడుతూ, ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని నిలబడ్డాం. పెళ్ళిలో కూడా ఇలాగే కొట్టుకున్నాం. అప్పుడు ఫొటోగ్రాఫరు విడదీశాడు. ఇప్పుడు మేనేజరు కదలకుండా చూస్తున్నాడు.

"కంప్యూటరు తెరువు," అన్నాను నెత్తురు ఉమ్మి. "తర్వాత కావలిస్తే ఇంకోటి కొట్టు."

వాడు ముక్కు తుడుచుకుంటూ తెరిచాడు. టెస్టులకి వరస నెంబర్లుంటాయి. నిన్నటి లిస్టులో ఏడు ఉంది, తొమ్మిది ఉంది. ఎనిమిది లేదు. తొమ్మిదో టెస్టు పది యాభై రెండుకి మొదలైంది. గీత నెమ్మదిగా పైకి ఎక్కి, పది యాభై తొమ్మిదికి శిఖరం చేరి, అక్కణ్ణించి మెట్లు దిగినట్టు దిగుతూ పదకొండూ ఏడుకి ఆగిపోయింది. గాజులాంటి కడ్డీ అయితే గీత కొండ మీంచి దూకినట్టు పడాలి. ఇది రబ్బరు కలిసిన కడ్డీ. దెబ్బని మింగుతూ కూర్చుంది.

ఎక్కే గీత మధ్యలో ఒకచోట సన్నగా, పదునుగా ఒక కుదుపు ఉంది. సమయం పది యాభై ఆరు.

"ఇదేంటి?" అన్నాడు వాడు.

మిషను పక్క ఇనప స్తంభం మీద తల ఎత్తున నెత్తుటి మరక, రెండు తెల్ల వెంట్రుకలు ఉన్నాయి. నా భుజంతో ఆ స్తంభాన్ని బలంగా గుద్దాను. తెర మీద బరువు అంకె ఉలిక్కిపడింది.

"ఎవడో మాస్టారి తల పట్టుకుని దీనికేసి కొట్టాడు. కాగితం మీద రాసే పెన్ను అదిరినట్టు గీత అదిరింది. తర్వాత గొంతులో పొడిచాడు. మాస్టారు పది యాభై ఆరుకి పడ్డాడని మిషనే రాసిపెట్టింది." నేను కిందికి చూపించాను. "ఇది చదువు. అద్దం తలుపు తెరిచిన సమయం, పదకొండూ తొమ్మిది."

వాడు పోలీసే, మూర్ఖుడు కాదు. మొహంలో రంగు మారింది. "తలుపు తెరిస్తే మిషను ఆగిపోతుంది. అంటే కడ్డీ వంగినంతసేపూ తలుపు మూసే ఉంది. లోపలి ముక్క బయటికి ఎగరలేదు."

"అంతే కాదు. చంపినవాడికి విరిగిన కడ్డీ ఒకటి మిషన్లో కావాలి, ప్రమాదం అని చెప్పడానికి. మధ్యలో ఆపితే కంప్యూటరు పట్టేస్తుంది. అందుకని పదమూడు నిమిషాలు ఇక్కడే నిలబడ్డాడు. ఈలోగా ఎనిమిదో టెస్టు చెరిపేశాడు. కింద మాస్టారు గొంతు పట్టుకుని కొట్టుకుంటున్నాడు. ఆ గోళ్ళ గీతలు చూడు, తలుపు దాకా పాకబోయాడు." వంగిన కడ్డీ వైపు వేలు చూపించాను. "వాడు మాస్టారి వంక చూళ్ళేదు, కడ్డీ వంక చూస్తూ నిలబడ్డాడు. ఎప్పుడు పేలుతుందా అని. అది పేలలేదు."

మేనేజరు మొహం తుడుచుకున్నాడు. ఎడమ చేత్తో.

"జిగురక్కే అయ్యుండచ్చుగా?" అన్నాడు నెమ్మదిగా.

"పది యాభై ఆరుకి ఆవిడ ఎక్కడుందో చూద్దాం," అని నేను మిక్సింగ్ గదికి నడిచాను.

నాలుగు వందల అడుగుల దూరం. నా కాలితో నిమిషమున్నర పట్టింది. అక్కడ పెద్ద ఎలక్ట్రానిక్ కాటా ఉంది. ఏది తూచినా సమయంతో సహా చీటీ వస్తుంది. నిన్నటి చీటీలు మేకుకి గుచ్చి ఉన్నాయి. పది యాభై అయిదుకొకటి, పది యాభై ఏడుకొకటి. రెండింటి మీదా ఆవిడ సంతకం ఉంది. రెండు నిమిషాల్లో వెళ్ళి మనిషిని చంపి తిరిగొచ్చే కాళ్ళు ఈ ఫ్యాక్టరీ ఇంకా తయారు చెయ్యలేదు.

చీటీలు జేబులో పెట్టుకుంటూ గది చూశాను. మూల తెల్లటి పొడి బస్తా, సగం ఖాళీ. రబ్బరు డ్రమ్ము ఎక్కడా లేదు. అది ఉండే చోట నేల మీద గుండ్రటి తుప్పు మరక, దాని మీద వేలు పెడితే మునిగేంత దుమ్ము. నిన్నొక్క రోజు కథ కాదిది. కిటికీ గట్టు మీద వరసగా ప్లాస్టిక్ గ్లాసులు. ప్రతి మిక్సులోనూ మిగిలిన జిగురు చుక్కని ఒక గ్లాసులో పోసి, గట్టిపడ్డాక మేకుతో తేదీ గీకి దాచడం జిగురక్క పద్ధతి. పారెయ్యడానికి మనసొప్పదు అంటుంది. వాటిని అప్పుడు నేను పట్టించుకోలేదు.

తిరిగొచ్చి చీటీలు బావమరిది చేతిలో పెట్టాను.

"ఆవిడ కాదు. మరి ఎవరు?" అన్నాడు.

"ఈ ఫ్యాక్టరీలో గేటు కాపలావాడికి కూడా తెలిసిన సంగతి ఒకటుంది. పగిలిన కార్బన్ ముక్కని ఒట్టి చేత్తో పట్టుకోకూడదు. వెంట్రుక కన్నా సన్నటి నల్ల ముళ్ళు చర్మంలో దిగుతాయి, లాగబోతే విరిగి లోపలే ఉండిపోతాయి. పని తెలిసినవాడెవడూ గ్లవుజు లేకుండా ముట్టుకోడు. ఆ ముక్కని పట్టుకుని పొడిచినవాడికి పని తెలీదు. కుర్చీలో కూర్చునేవాడు." మేనేజరు వైపు తిరిగాను. "దొంగకి తేలు కుట్టినట్టు ఆ చెయ్యి ఇందాకట్నించీ జేబులో ఎందుకుందండీ? ఒకసారి చూపిస్తారా?"

నవ్వాడు. జేబులోంచి చెయ్యి తీశాడు. అరచెయ్యి వాచి ఎర్రగా, నల్ల చుక్కలు పొడిచినట్టుంది. ఆ చేత్తోనే బల్ల మీదున్న మాస్టారి సుత్తి అందుకున్నాడు.

మొదటి దెబ్బ బావమరిది కణత మీద పడింది. వాడు ఒక్క మాట లేకుండా కూలాడు. పిస్తోలు జారి మిషను కిందికి పోయింది. నేను బల్ల లాగి అడ్డం వేశాను. మేనేజరు దాన్ని తన్నేసి మీదికొచ్చాడు. సుత్తి నా భుజానికి తగిలి చెయ్యి మొద్దుబారింది. గోడకి ఆనుకుని మాత్రమే నిలబడగలిగాను.

"కదలకు," అన్నాడు ఆయాసపడుతూ. "నీ కాలు ఎప్పటిదో నాకు తెలుసు. రెండు నెలల కిందటిది. రబ్బరు డ్రమ్ము మూడు నెలల కిందటే పంపించేశా. ఆ పొడి కలిపితే గట్టితనం నెంబరు పెరుగుతుంది. వంచి చూసేవాళ్ళకి నెంబరే కదా కావలసింది? ఆర్డరు మనకే వచ్చేది! ఈ ముసలాడు పొడి కడ్డీ ఒకటి పేల్చి, ఇంకోటి రేపు కొనేవాళ్ళ ముందు సుత్తితో కొట్టి చూపిస్తానన్నాడు. వద్దని బతిమాలా. వినలేదు."

"అందుకని గొంతులో పొడిచావు."

"నీదీ పొడి కాలే. ఒక్క దెబ్బ చాలు. కింద పడ్డాక నువ్వు ఎలా లేస్తావో చూస్తా."

నిజం చెప్తాను, నాకు భయమేసింది. రెండు నెలలుగా ఆ కాలి మీద మెట్లు దిగాను, కదిలే బస్సులోంచి దూకాను, నా భార్యని ఎత్తుకున్నాను కూడా. ఇన్నాళ్ళూ నేను నిలబడింది గాజు మీదా? సుత్తి ఎత్తాడు. పక్కకి తప్పుకోవడానికి చోటు లేదు.

దెబ్బ పిక్క ఉండాల్సిన చోట తగిలింది. గదంతా మోగింది. మోకాలి మొండిలో నిప్పు పెట్టినట్టయింది. నేను పడలేదు.

వాడు చూశాడు. మళ్ళీ కొట్టాడు, ఇంకా బలంగా. పాంటు చిరిగింది. నల్లటి కాలి మీద తెల్లటి మడత పడింది, మిషన్లో కడ్డీ మీద పడ్డట్టే. విరగలేదు. వాడి నోరు తెరుచుకుంది. ఇదే గదిలో రెండు రోజుల్లో రెండోసారి, పగలాల్సింది పగలక వాడు అలా చూస్తూ నిలబడ్డాడు.

నాకు అంత సమయం చాలు. అదే కాలితో తన్నాను. దవడ విరిగిన చప్పుడు నాకు తృప్తిగా వినిపించింది. పడ్డాడు. సుత్తి కోసం పాకుతుంటే వాచిన చేతి మీద కాలు పెట్టి నా బరువంతా వేశాను. వాడు అరిచాడు. మాస్టారికి అరవడానికి గొంతు కూడా మిగల్చలేదని గుర్తొచ్చి ఇంకాస్త నొక్కాను.

"చాల్లే బావా. చెయ్యి సాక్ష్యం. పాడుచెయ్యకు." బావమరిది గోడ పట్టుకుని లేచాడు. చెవి మీదుగా నెత్తురు కారుతోంది. "వాడు వాగిందంతా విన్నా. స్పృహ లేనట్టు పడుకున్నా."

"పడుకుని వింటున్నావా? నన్ను కొడుతుంటే?"

"కాలు విరుగుతుందో లేదో చూద్దామని," అన్నాడు. వంగి మేనేజరుకి బేడీలు వేశాడు.

విరిగిన దవడతో మేనేజరు ఒకే మాట గొణుగుతున్నాడు. "ఎలా? డ్రమ్ము లేదు. అన్నీ పొడే. అన్నీ..."

ఆ ప్రశ్న నాకూ ఉంది. మళ్ళీ మిక్సింగ్ గదికి నడిచాను. ఈసారి కిటికీ గట్టు మీది గ్లాసుల్ని ఒక్కొక్కటే వెలుతురుకి ఎత్తి చూశాను. పైన తేనెలా తేటగా ఉంది, అడుగున తెల్లటి పొడి పేరుకుంది. మూడు నెలల తేదీలు. ముప్పై తొమ్మిది గ్లాసులూ అలాగే ఉన్నాయి. మిక్సుకి ఎనిమిది కాళ్ళు. మూడు వందల పన్నెండు పొడి కాళ్ళు.

నలభయ్యోది ఒక్కటి అన్నిటి వెనకా, మూలకి ఉంది. అడుగు నించి పైదాకా ఒకే తీరుగా పాల రంగు. రబ్బరు కలిసిన జిగురు అలాగే ఉంటుంది. దాని మీద తేదీ లేదు. మేకుతో ఒక్క మాట గీకి ఉంది. తమ్ముడు.

ప్రాణం నిలబెట్టినందుకు ఆమె కాళ్ళు మొక్కాలనిపించింది. ఆ గ్లాసునే ఆమె మొహాన కొట్టాలనీ అనిపించింది.

మూడూ నలభైకి స్టేషన్లో లాకప్ తలుపు తీశారు. జిగురక్క బయటికొచ్చింది. చిరిగిన పాంటూ, తెల్ల మడతా చూసి అక్కడే కూర్చుండిపోయింది.

"దెబ్బ తగిలిందా తమ్ముడూ? ఆగిందా?"

"ఆగింది. నీ పొడి మాస్టారిని చంపలేదక్కా. మేనేజరు పొడిచాడు." ఆమె ఏడుపు అందుకునేలోపు గ్లాసు బల్ల మీద పెట్టాను. "ఇది నాకు కలిపావు. మిగతా వాళ్ళకి?"

గ్లాసు చేతిలోకి తీసుకుంది.

"డ్రమ్ము తీసుకెళ్ళిపోయారు. చిన్న డబ్బా అడుగున కొంచెం దాచుకున్నా. ఒక కాలికి సరిపోయి, చిటికెడు మిగిలేంత. ఎవరికి కలపను? నువ్వు ఎదురుగా కూర్చుని నవ్వుతున్నావు. నీకు కలిపా. నోరెత్తితే పని పోతుందన్నాడు. ఊరుకున్నా. మొన్న మాస్టారు కనిపెట్టి అడిగితే ఆ చిటికెడూ ఆయన కడ్డీకి కలిపిచ్చా. నిన్న అదే అరిచాడు. మూడు నెలలు ఎలా నిద్రపోయావే అని."

ఆ ప్రశ్న నేనూ అడగాలనుకున్నదే. ఆమె చేసిన పని వల్ల బతికున్నది కూడా నేనే.

"నిన్ను వదలమని చెప్పలేను అక్కా," అన్నాను.

"చెప్పద్దు." కొంగుతో మొహం తుడుచుకుని బావమరిది వైపు తిరిగింది. "కాగితం తీసుకో బాబూ. ఫ్యాక్టరీ లిస్టులో కాళ్ళు కొన్నవాళ్ళ ఫోన్ నెంబర్లే ఉంటాయి, ఎవరు ఏ పని చేస్తారో ఉండదు. తొడిగింది నేను, నాకు తెలుసు. అందరికీ ఒకేసారి చెయ్యలేరు. ముందు ఎవరికి చెయ్యాలో నేను చెప్తా. నిచ్చెనలెక్కే పెయింటరు ఒకాయనున్నాడు. మూడంతస్తుల గోడల పని. ముందు ఆయనకి చెయ్యి."

మేనేజరు గదిలోంచి తెచ్చిన లిస్టులో వేలు పెట్టి చూపించింది. బావమరిది కట్టు కట్టిన తలతో నెంబరు నొక్కి, స్పీకరు పెట్టి ఫోను బల్ల మీద ఉంచాడు.

ముగ్గురం దాని వైపు వంగాం. మోగుతోంది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. ఈసారి ఎత్తారు. పెయింటరు కాదు, ఎవరో ఆడమనిషి. వెనక జనం కేకలు వినిపిస్తున్నాయి.

"ఎవరండీ?" అంది ఆమె ఏడుస్తూ. "ఆయన ఇప్పుడే పడిపోయారండీ. నిచ్చెన బాగానే ఉంది."